సూరతు బల్ల మీద జపాను రుచి

భోజనం సూరతులో చేయవలె, మరణం కాశీలో పొందవలె అని గుజరాతీలలో ఒక సామెత కలదు. కాశీలో మరణించినవారి సాక్ష్యం ఎవరికీ అందలేదు గాని, సూరతులో భుజించినవారి సాక్ష్యం మాత్రం పుష్కలంగా ఉన్నది. చలికాలం వచ్చినదంటే పాలుపట్టిన జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి, నలిపి, రాల్చిన పచ్చని గింజలను అక్కడివారు సన్నని కారప్పూసతో, నిమ్మరసంతో తింటారు. వారు దానిని పోంక్ అంటారు. తెలుగు పల్లెలలో దానికే ఊచబియ్యమని పేరు. శరత్పూర్ణిమ మరునాడు నేతిలో ముంచి తీసిన ఘారీ అనే మిఠాయి తినని సూరతువాసి అరుదు. చిక్కుడుకాయలు, కందగడ్డలు, చిన్న వంకాయలు కలిపి వండే ఊంధియు సంగతి చెప్పనే అక్కరలేదు. తిండిని గురించి ఇంత పట్టింపు ఉన్న నగరంలో పరాయి వంటకం నిలవడం తేలిక కాదు.

అట్టి నగరంలో నేడు జపాను భోజనశాలలున్నవి. సముద్రపు నాచు చుట్టిన అన్నపు ముక్కలను నల్లని పళ్లెరాలలో పెట్టి తెస్తారు. కాలిన ఇనుపరేకు చుట్టూ అతిథులను కూర్చోబెట్టి, వారి కళ్ల ఎదుటనే వంటవాడు గరిటలు తిప్పుతూ వేపుళ్లు చేసి వడ్డిస్తాడు. మొదటిదాని పేరు సుషీ. రెండవదానిని హిబాచి అంటున్నారు. ఇది నిన్నమొన్నటి వింత అనుకోవడం సహజమే. కాని జపాను పేరు గల రుచి ఒకటి సూరతులో ఒక భోజనబల్ల మీదికి చేరి మూడువందల సంవత్సరాలు దాటినది. ఆనాడు ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేదు అన్నది తెలిస్తే గాని, నేటి బల్ల దగ్గర జరుగుతున్నదేమిటో తెలియదు.

జాన్ ఓవింగ్టన్ అనే ఇంగ్లీషు మతగురువు 1689లో స్వదేశం విడిచి, మరుసటి సంవత్సరం ఇండియా చేరి, సూరతులోని ఈస్టిండియా కంపెనీ కొఠీలో కొంతకాలం పూజాదికాలు నిర్వహించినాడు. తిరిగి వెళ్లి 1696లో తన యాత్రను గ్రంథంగా ప్రకటించినాడు. మతగురువే అయినా అతనికి తిండి మీద మంచి దృష్టి ఉన్నది. కొఠీలోని ఉద్యోగులందరూ ఒకే బల్ల వద్ద భోజనం చేసేవారు. పళ్లెరాలు, పానపాత్రలు అన్నీ గట్టి వెండివి. భోజనానికి ముందు, తరువాత సేవకుడు వెండి చెంబుతో నీళ్లు తెచ్చి చేతుల మీద పోసేవాడు. ఏ నాలుకకూ కొరత రాకుండా ఒక ఇంగ్లీషు వంటవాడు, ఒక పోర్చుగీసు వంటవాడు, ఒక హిందూదేశపు వంటవాడు, ముగ్గురూ ఆ వంటింట ఉండేవారట. మెతుకుకు మెతుకు అంటకుండా విడివిడిగా ఉడికించిన పలావు, కిస్మిసు బాదముపప్పు కూరి వెన్నలో మగ్గబెట్టిన కోడి, వెల్లుల్లి నూనె పోస్తూ కాల్చిన కబాబులు - ఒక్కొక్కదాని పాకాన్నీ అతడు వర్ణించినాడు. సెలవుదినాలలో జింకమాంసం, నెమళ్లు, కుందేళ్లు, పర్షియా పండ్లు, షిరాజు ద్రాక్షాసవం కూడా వచ్చేవి. ఆకలి పుట్టించడానికి వెదురు ఊరగాయ, మామిడి ఊరగాయ ఎల్లవేళలా బల్ల మీద ఉండేవని చెప్పి, వాటి సరసనే ఇంకొక పేరు చేర్చినాడు. అది సోయా రసం. రసాలన్నింటిలోనూ శ్రేష్ఠమైనదని దానికి కితాబు కూడా ఇచ్చినాడు.

ఓవింగ్టన్ వ్రాసిన ఆ పేరు జపాను మాట. జపానువారు షోయు అనగా, డచ్చివారి నోట పడి అది ఐరోపాకు పోయినది. తత్త్వవేత్త జాన్ లాక్ 1679లో తన దినచర్య పుస్తకంలో తూర్పుదేశాల నుంచి వచ్చే రసాలను పేర్కొంటూ మామిడితో పాటు దీనిని కూడా చేర్చినాడు. కొఠీ బల్ల మీది సీసా నాగసాకి నుంచే వచ్చినదా, చీనా రేవులలో దేని నుంచైనా వచ్చినదా అన్నది ఓవింగ్టన్ చెప్పలేదు. కాని నాగసాకి నుంచి సూరతుకు దారి మాత్రం తెరచియే ఉన్నది.

ఆ దారి కథ చిత్రమైనది. ఇంగ్లీషు కంపెనీ సూరతులో స్థిరపడిన 1613వ సంవత్సరంలోనే జపానులోని హిరాదో దీవిలో కూడా ఒక కొఠీ తెరచినది. జపాను కొఠీ గిట్టుబాటు కాలేదు. చలిదేశపు ఉన్నిబట్టలను అక్కడ అమ్మచూచి భంగపడి, పదేళ్లకే 1623లో మూసుకొని వచ్చినారు. డచ్చివారు మాత్రం అంటిపెట్టుకొని ఉన్నారు. 1641లో జపాను ప్రభువులు వారిని హిరాదో నుంచి తరలించి, నాగసాకి రేవులో కట్టిన దేజిమా అనే చిన్న కృత్రిమ దీవిలో ఉంచినారు. అప్పటినుంచి రెండువందల ఏండ్లకు పైగా ఐరోపా వర్తకులలో జపాను గడప త్రొక్కనిచ్చినది వారినొక్కరినే. వారికి సూరతులో 1616 నుంచి కొఠీ ఉన్నది. మన బందరులో అంతకు పదేండ్ల ముందే ఉన్నది. జపాను రాగి కడ్డీలను వారు పెట్టెలకు పెట్టెలు సూరతులో దించేవారు. మొగలాయి టంకశాలలకు పైసలు పోయడానికి రాగి కావలసియుండెను. కూరగాయల బేరమాడే సూరతు గృహస్థుని చేతిలోని పైసాలో జపాను గనుల లోహం ఉండవచ్చునన్న మాట.

బదులుగా ఇక్కడి నుంచి జపాను చేరినవి బట్టలు. గుజరాతు అద్దకాలు, కోరమాండలు తీరపు కలంకారీలు జపానులో సరసా అనే పేరుతో ఎంత అపురూపమైనవంటే, తేనీటి ఉత్సవాలకు వాడే పాత్రలను చుట్టిపెట్టడానికి రసికులు వాటి ముక్కలను దాచుకొనేవారు. తూర్పుతీరపు అద్దకంవారు చెరువులో ఉతికి ఆరవేసిన గుడ్డ ఎక్కడో జపానులో ఒక తేనీటిగిన్నెకు పట్టుబట్టతో సమానమైన గౌరవవస్త్రమైనది. ఆ పని చేసిన చేతులకు ఈ సంగతి తెలిసి ఉండదు.

తేనీరు కూడా సూరతు కొఠీకి కొత్త కాదు. హోల్‌స్టయిన్ ప్రభువు పర్షియాకు పంపిన రాయబార వర్గంతో వచ్చి 1638లో సూరతు చేరిన మాండెల్స్లో అనే జర్మను యువకుడు, ఇంగ్లీషు కొఠీలో దినదినమూ జరిగే గోష్ఠులలో తేనీరు త్రాగేవారమని వ్రాసినాడు. అప్పటి కొఠీ అధ్యక్షుడు విలియం మెథ్‌వోల్డ్ తెలుగువారికి పరాయివాడు కాడు. అంతకు ముందు బందరులో పనిచేసి గోలకొండ రాజ్యాన్ని గురించి అతడు వ్రాసిన వృత్తాంతం 1626లో అచ్చయినది. ఓవింగ్టన్ అయితే సూరతులో తేనీటి రుచి మరిగి, ఇంటికి వెళ్లిన తరువాత 1699లో తేయాకు గుణాలను గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసమే ప్రకటించినాడు. సూరతులోని వణిజులు కలకండతోనో, నిమ్మరసంతోనో, సుగంధద్రవ్యాలతోనో తేనీరు సేవించేవారని అతడే చెప్పినాడు. పరాయి పానీయాన్ని సూరతు తన దినుసులతో మార్చుకొనడం అప్పటికే మొదలైనది.

మూడు పాకశాస్త్రాలు కలిసిన ఆ వెండి పళ్లెరాల బల్ల దగ్గర సూరతు ఎక్కడ ఉన్నది? కొఠీ వ్యాపారమంతా గుజరాతీ వణిజుల చేతుల మీదుగా నడిచినది. కంపెనీకే అప్పులిచ్చిన విర్జీ వోరా వంటి కోటీశ్వరులు ఆ నగరంలో ఉన్నారు. కంపెనీ దళారిగా ఉంటూ ఇంగ్లండు నుంచి అచ్చుయంత్రం పనివానిని తెప్పించిన భీంజీ పారేఖు అక్కడివాడే. బేరాలు, పూచీలు, తగవులు, రాజీలు అన్నీ వారితోనే. దీపావళి వేళ వణిజులు కొఠీ అధ్యక్షుని మొదలు చిన్న గుమాస్తా వరకు కానుకలు పంపేవారని ఓవింగ్టన్ వ్రాసినాడు. కాని జైన వైష్ణవ వణిజుల ఆచారం ప్రకారం ఆ బల్ల వద్ద కూర్చొని అన్నం తినడమన్నది ఊహకందని మాట. ఆ నగరంలో గోవులకు, గుర్రాలకు, ముసలి కుక్కలకు ఆసుపత్రి ఉండేది. నల్లులకు, పురుగులకు కూడా ఒక శాల ఉండి, వాటికి రాత్రి ఆహారం కావడానికి ఒక బీదవానిని కూలికి పడుకోబెట్టేవారని ఓవింగ్టన్ ఆశ్చర్యపడినాడు. అతడు ఆశ్చర్యపడినది పురుగుల కోసమా, బీదవాని కోసమా అన్నది పాఠకులు నిర్ణయించుకోవలె. పురుగును పోషించే ఊరిలో నెమలిమాంసపు బల్ల ఒక దీవి. దేజిమా ఎట్టిదో అదీ అట్టిదే: వర్తకం గోడ దాటుతుంది, భోజనం దాటదు.

ఆ బల్ల మీద ఉన్న రసాలలో సోయాకు మాంసస్పర్శ లేదు. సోయా చిక్కుడుగింజలు, గోధుమలు, ఉప్పు, నీరు, వీటిని పులియబెట్టే ఒక జాతి బూజు - అంతే దాని సామగ్రి. పదమూడవ శతాబ్దిలో చీనా నుంచి తిరిగి వచ్చిన కాకుషిన్ అనే బౌద్ధభిక్షువు తెచ్చిన పాకం నుంచి యువాసా గ్రామంలో అది పుట్టినదని జపానులో ఐతిహ్యం. మఠాలలో మాంసం లేని వంటకు రుచినివ్వడానికి అది పెరిగినది. పులిసిన పదార్థాలన్నింటినీ వర్జించే నిష్ఠాపరుడైన జైనుడు దానినీ వద్దనవచ్చును గాని, కొఠీ బల్ల మీద శాకాహారపు ఊరికి దగ్గరి చుట్టం ఏదైనా ఉన్నదంటే అదే. కాని ఆ చుట్టాన్ని కబాబుల పక్కన కూర్చోబెట్టినారు. చూడవలసినవారు చూడనేలేదు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1664లోను, 1670లోను శివాజీ సూరతును కొల్లగొట్టినాడు. ఇంగ్లీషువారు 1687లో తమ ప్రధానస్థానాన్ని బొంబాయికి మార్చినారు. తాపీనదీ ముఖం ఇసుకమేట వేసినది, ఓడలు తగ్గినవి, 1800 నాటికి నగరం పూర్తిగా కంపెనీ పరిపాలనలోకి పోయినది. కొఠీ బల్లతో పాటు సోయా కూడా మాయమైనది.

అయినా సూరతు తూర్పుదేశాలను మరువలేదు. తాపీనదికి ఆవలి ఒడ్డున ఉన్న రాందేరు పట్టణపు ముస్లిం వర్తకులు పందొమ్మిదవ శతాబ్దిలో రంగూనుకు వలసపోయి పెద్ద వ్యాపారస్థులైనారు. రంగూనులో సుర్తీ మసీదు, సుర్తీ బజారు అనే పేర్లు వారివల్లనే వచ్చినవి. అదే రంగూను రేవులో బరువులు మోసినవారిలో, ధాన్యపు మరలలో పనిచేసినవారిలో తెలుగువారు వేలాదిమంది. బర్మావారు వారిని కోరంగీలు అన్నారు. ఇది కోనసీమకు చేరువనున్న కోరంగి రేవు పేరు నుంచి వచ్చినదే. ఒకే ఓడరేవులో ఒకరు దుకాణదారులు, ఒకరు కూలీలు. 1942లో జపాను సేనలు రంగూనును పట్టినప్పుడు ఇరువర్గాలవారూ అడవిదారులు పట్టి పరుగెత్తవలసివచ్చినది. జపాను పేరు ఆనాడు ఆ కుటుంబాలలో రుచికి కాక భయానికి గుర్తుగా ఉండి ఉంటుంది.

బర్మా నుంచి వచ్చినవారు కొబ్బరిపాల పులుసులో నూడుల్సు వేసి వడ్డించే వంటకాన్ని తమతో తెచ్చుకొన్నారు. బర్మాలో దాని పేరు ఖౌస్వే. సూరతులో అది ఖావ్సా అయినది. నేడు అది బండ్ల మీద అమ్ముతున్నారు. మాంసం తీసివేసి, వేరుశనగలు, కరకరలాడే పూస, నిమ్మరసం చేర్చి సూరతు దానిని తన సొంతం చేసుకొన్నది. బర్మాలో పుట్టినదని తెలియకుండానే తినేవారెందరో ఉన్నారు. సుషీకి, హిబాచికి తోవ చూపినది ఈ ఖావ్సాయే అనవలె.

హిబాచి అనే మాటకు జపానులో అసలు అర్థం నిప్పుల కుంపటి. చలిరాత్రులలో చేతులు కాచుకొనే బొగ్గుల పాత్ర అది. ఇనుపరేకు మీద అతిథి కళ్ల ఎదుట వండే పద్ధతి పేరు తెప్పన్‌యాకి. అది ప్రాచీనమైనది కానే కాదు. 1945లో కోబే నగరంలో మిసోనో అనే భోజనశాల దానిని ప్రారంభించినదంటారు. యుద్ధానంతరం వచ్చిన అమెరికావారికి అది నచ్చినది. 1964లో హిరోఆకి ఆవొకి అనే జపాను యువకుడు న్యూయార్కులో బెనిహానా అనే భోజనశాల తెరచి, వంటకు వినోదం జోడించినాడు. కత్తులు తిరిగినవి, మంటలు లేచినవి. అమెరికాలో ఆ విన్యాసానికి హిబాచి అనే పేరే వాడుకైనది. కుంపటి పేరు పెనానికి వచ్చినదన్న మాట. సూరతు పరిసర గ్రామాల నుంచి పోయి అమెరికా రహదారుల పక్కన బసలు నడుపుతున్న పటేళ్ల కుటుంబాలు చాలా ఉన్నవి. సూరతు బల్ల మీద పేరు హిబాచి అని ఉండడాన్ని బట్టి చూస్తే, అది జపాను నుంచి నేరుగా కాక, అట్లాంటిక్ చుట్టుదారిన వచ్చినదని ఊహించవచ్చును.

ఆ రేకు మీద కాలే గొడ్డుమాంసానికి కూడా జపాను చరిత్రలో లోతైన వేరు లేదు. 675లో తెమ్ము చక్రవర్తి వేసవి పంటకాలంలో ఎడ్లను, గుర్రాలను, కుక్కలను, కోతులను, కోళ్లను తినరాదని శాసించినాడు. తరువాతి శాసనాలు, బౌద్ధమతం, వ్యవసాయావసరాలు కలిసి, చేపలు తినే ఆ దేశంలో పశుమాంసాన్ని సుమారు 1200 సంవత్సరాలు చాలావరకు నీచంగా చూచేటట్లు చేసినవి. 1872లో మేజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడన్నది పత్రికలకు ఎక్కే వార్త అయినది. మఠాలలో మాత్రం శోజిన్ అనే శాకపాకం నిలిచినది. సన్న్యాసి దోగెన్ 1237లోనే మఠపు వంటవాని విధులను గురించి ఒక గ్రంథం వ్రాసినాడు. బియ్యం కడగడం కూడా ధ్యానంలో భాగమే అన్నది అతని దృష్టి.

సుషీ సంగతి వేరు. బివా సరస్సు ఒడ్డున చేపను అన్నంలో నెలల తరబడి ఊరవేసి, అన్నం పారవేసి చేపను తినడం దాని పాతరూపం. పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగంలో నేటి టోకియో అయిన ఎదో నగరంలో, వేచియుండలేని పట్నవాసులకోసం పుల్లని అన్నపు ముద్ద మీద చేపముక్క పెట్టి అప్పటికప్పుడు చేతికివ్వడం మొదలైనది. ఆ పద్ధతికి హానాయా యోహెయి పేరు ప్రసిద్ధం. అంటే నేడు గొప్ప ఇంటి భోజనంగా తోచే సుషీ ఒకప్పుడు వీధిబండి తిండి. సూరతు లోచో వంటిదే.

ఈ రెండూ సూరతు చేరి ఏమైనవి? ముందుగా చేప పోయినది. దోసకాయ, మామిడి, అవకాడో, పనీరు, మొక్కజొన్న ఆ స్థలంలోకి వచ్చినవి. దోసకాయ చుట్ట జపానులోనూ ఉన్నదే కనుక అది అపచారం కాదు. గుడ్డు లేని వెన్నరసం వచ్చినది. జైనుల బల్లకు వేరుదుంపలు కూడా పనికిరావు: ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్టు, పచ్చి అల్లం నాలుగూ నిషిద్ధం. హిబాచి వంటవాని ప్రధాన విన్యాసం ఉల్లిచక్రాలను గోపురంగా పేర్చి నూనె పోసి అగ్నిపర్వతంలా మండించడం. జైనుల బల్ల ముందు ఆ పర్వతం లేవదు. సుషీ పక్కన పెట్టే అల్లం ఊరగాయను జపానువారు గారి అంటారు. అదీ రాదు. సూరతులో ఘారీ అంటే నేతి మిఠాయి, తెలుగునాట గారె అంటే మినపవంటకం, జపానులో గారి అంటే అల్లం. మూడింటికీ చుట్టరికం ఏమీ లేదు గాని, పదాలు ఒకే బల్ల వద్ద కలిసినవి. పచ్చని వసాబి ముద్ద ముక్కులోకి ఎక్కినప్పుడు తెలుగువాడైతే ఆవపిండిని తలచుకొంటాడు. అసలు వసాబి అరుదు కనుక చాలాచోట్ల ఆ ముద్దలో ఆవఘాటే ఉంటుంది.

చేప కంటికి కనపడే వస్తువు గనుక తీసివేయడం సులభం. కనపడనిదే కష్టం. జపాను వంటలో చాలావాటికి ఆధారం దాషి అనే కషాయం. ఎండిన చేపను రంపపుపొట్టులా చెక్కి మరిగించి దానిని తీస్తారు. శాకాహారమని తోచే పులుసులో కూడా అది ఉండవచ్చును. ఈ మాట తెలిసిన అతిథి అడుగుతాడు. నిజాయితీ గల వంటవాడు కొంబు అనే సముద్రపు ఆకును, ఎండు పుట్టగొడుగులను మరిగించి వేరే కషాయం తీస్తాడు. పుట్టగొడుగులు వద్దన్న జైనునికి ఆకు ఒక్కటే. ఇది సూరతు కల్పించిన వక్రమార్గం కాదు. దోగెన్ సంప్రదాయపు మఠాలలో ఇదే పద్ధతి. జపానును వికృతం చేసినారని నిందించేవారు ఈ సంగతి గమనించవలె. కొన్ని సందర్భాలలో సూరతువారి పట్టుదల ఆ వంటను దాని మఠానికే తిరిగి పంపుతున్నది. అన్ని సందర్భాలలోనూ అట్లా కాదు; వెన్నరసం, కారపు పిండి గుమ్మరించిన చుట్టలలో మఠమూ లేదు, ఎదో నగరమూ లేదు. గుజరాతులో మద్యనిషేధం ఉన్నందువల్ల బియ్యపు మద్యం సాకే కూడా ఆ బల్ల మీదికి రాదు. దాని స్థానంలో సోడా వస్తుంది. ఓవింగ్టన్ నాటి షిరాజు ఆసవాన్ని తలచుకొంటే ఇది పెద్ద మార్పే.

ఆ ఇనుపరేకు చుట్టూ కూర్చొనేవారు ఒకరికొకరు తెలియనివారు కావచ్చు. వజ్రాలు సానపట్టించే వ్యాపారి కుటుంబం ఒక ప్రక్క, బోహరా దంపతులు ఒక ప్రక్క, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మనుమలు మరొక ప్రక్క. మూడువందల ఏండ్ల క్రితం ఇట్టి పంక్తి అసంభవం. అయితే రేకు ఒక్కటే కావడంతో చిక్కు వస్తుంది: ఆ రేకు మీద ఇంతకుముందు మాంసం వండినారా అని అడిగేవారున్నారు. అందుకే సంపూర్ణ శాకాహారమని గుమ్మం మీదనే వ్రాసుకొన్న భోజనశాలలు ఏర్పడినవి. అక్కడ మాంసాహారి కూడా శాకాహారిగా కూర్చోవలసిందే. పూర్వం కొఠీ బల్ల వణిజుని బయట ఉంచినది. ఇప్పుడు వణిజుని నియమం బల్లను శాసిస్తున్నది. రెండవది ఎక్కువమందిని కూర్చోబెట్టినమాట నిజం.

బల్ల వద్దకు రానివారు ఇప్పుడూ ఉన్నారు. సూరతు మరమగ్గాల మీద పనిచేయడానికి తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలి కుటుంబాలు లింబాయతు వంటి పేటలలో తరతరాలుగా ఉంటున్నవి. ఆ నగరపు పురపాలక సంఘం తెలుగు మాధ్యమపు పాఠశాలలు కూడా నడిపినది. ఒకప్పుడు జపాను రసికులు తేనీటిపాత్రకు చుట్టుకొన్న గుడ్డ తెలుగువారి చేతులలో పుట్టినది. నేడు సూరతు దుకాణాలలోని చీరలలో చాలావాటి వెనుక తెలుగువారి చేతులున్నవి. షిఫ్టు దిగి ఇంటికి పోయే నేతపనివానికి ఆ నల్లని పళ్లెరాల ధర అందుబాటులో ఉండదు. అతని ఇంట రాత్రికి జొన్నరొట్టె, పచ్చిపులుసు. వీధిచివర బండి మీద ఖావ్సా మాత్రం అతనికీ దొరుకుతుంది. ఆ బండి మీద కారం, నిమ్మరసాల మధ్య నల్లని రసం గల సీసా ఒకటి, నూనె మరకలతో, మూతకు రంధ్రం పొడిచి ఉంటుంది. నూడుల్సు మీద దానిని రెండు చుక్కలు చల్లి ఇస్తారు.